మూడు మేకుల శాస్త్రజ్ఞుడు – డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్

'మైకు' అన్న మాట పరభాషాపదమని ఈనాడు ఎవరికీ తోచదు. పల్లెలో బుర్రకథ చెప్పేవానికి, పట్టణంలో ముషాయిరా నడిపేవానికి, ఎన్నికల వేదిక ఎక్కిన నాయకునికి అది సమానంగా చుట్టమే. అయితే ఆ మాటను లోకమంతటా వాడుకలోకి తెచ్చినవాడెవడు, ఆ సాధనాన్ని ఎట్టి వస్తువులతో చేసి చూపాడు అని అడిగితే చదువుకొన్నవారు సైతం ఎడిసన్ పేరో, గ్రాహంబెల్ పేరో చెప్పి ఊరకుంటారు. వారు చెప్పినది పూర్తిగా తప్పని మేము అనము. కాని ఆ రెండు గొప్ప పేర్ల నడుమ మరుగున పడిన మూడవ పేరొకటి కలదు. అది డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్. మేము భాషాసాహిత్యాలు బోధించుకొనేవారమే గాని విజ్ఞానశాస్త్రం మా విద్య కాదు. అయినప్పటికీ ఈ మనిషి చరిత్ర మమ్ములను ఆకర్షించింది. సంగీతం చెప్పుకొని బ్రతికిన ఒక ఉపాధ్యాయుడు అగ్గిపెట్టెలు, మేకులు, లక్క ముక్కలు పెట్టుకొని రెండు మహావిషయాలను కనుగొన్నాడు. ఒకదానిని లోకానికి ఉచితంగా పంచిపెట్టాడు. రెండవదానిని పెద్దల మాట విని పెట్టెలో పెట్టి మూత వేశాడు.

హ్యూస్ 1831 మే 16న వేల్సు దేశ మూలాలు గల ఒక సంగీత కుటుంబంలో జన్మించాడు. తండ్రి సంగీతజ్ఞుడు. బిడ్డలు పసితనంలోనే సభలలో వాయించి మెప్పు పొందారు. డేవిడ్ వాద్యం హార్ప్. అనేక తంత్రులు గల నిలువు వాద్యమది. ఆయన బాల్యంలోనే కుటుంబం అమెరికాకు వలసపోయింది. 1850లో, పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, కెంటకీ రాష్ట్రంలోని బార్డ్స్‌టౌన్ పట్టణంలో సెయింట్ జోసెఫ్ కళాశాలవారు ఆయనను సంగీతాచార్యునిగా నియమించారు. కొంతకాలానికి ప్రకృతిశాస్త్ర బోధన కూడా ఆయనకే అప్పగించారు. చిన్న కళాశాలలలో ఒకరే రెండు మూడు పాఠాలు నెత్తిన వేసుకోవడం మనకూ క్రొత్త కాదు. హ్యూస్ విషయంలో మాత్రం ఆ రెండు బోధనలూ ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. చెవికీ విద్యుత్తుకూ పొత్తు కుదిరింది. ఆయన జీవితంలో తరువాత జరిగినదంతా ఆ పొత్తు ఫలితమే.

ఆ రోజులలో తంతి వార్తలు మోర్స్ చుక్కలు, గీతలుగా పోయేవి. ఒక్క అక్షరం పంపాలంటే తీగమీద పలుమార్లు విద్యుత్తును వదలాలి. ఆవలివాడు ఆ చుక్కలను తిరిగి అక్షరాలుగా మార్చుకోవాలి. హ్యూస్ వేరే దారి ఆలోచించాడు. రెండు ఊళ్ళలోనూ అంచున అక్షరాలు చెక్కిన చక్రాలు రెండు ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే, కావలసిన అక్షరం కాగితం ఎదుటికి వచ్చిన క్షణాన ఒక్క విద్యుత్ స్పందన పంపినంతనే అక్షరం అచ్చుపడుతుంది. చిక్కంతా ఆ 'ఒకే వేగం' దగ్గర ఉన్నది. వందల మైళ్ళ దూరంలో ఉన్న రెండు యంత్రాలను ఒక తాళానికి కట్టడం ఎట్లా? సంగీతం తెలిసినవానికి సమాధానం సులభంగానే దొరికింది. ఒకే శ్రుతి పలికే రెండు ఉక్కు పుల్లలు ఒకే వేగంతో కంపిస్తాయి. తాను బస చేసిన ఇంటి ముసలమ్మగారి దగ్గర పెద్ద సూదులు రెండు పుచ్చుకొని ఆయన ఈ పరీక్ష మొదలుపెట్టాడని జీవితకథ వ్రాసినవారు చెప్పుతారు. ఉద్యోగం వదలుకొని, ఇళ్ళలో సంగీతపాఠాలు చెప్పుకొంటూ యంత్రాన్ని పూర్తిచేశాడు. 1856లో దానికి అమెరికాలో పేటెంటు వచ్చింది. వార్త పంపేవాని ఎదుట పియానోకు ఉన్నట్లే మెట్లు ఉంటాయి. తెల్లవి పద్నాలుగు, నల్లవి పద్నాలుగు. వాయించినట్లే వార్త పంపవచ్చు.

అమెరికాలో ఒక కంపెనీ ఆ హక్కులు కొన్నది. 1857లో ఇంగ్లండుకు వెళ్ళి చూపగా అక్కడ ఆదరించినవారు లేరు. ఫ్రాన్సు ప్రభుత్వం మాత్రం 1860 నుండి ఏడాదిపాటు యంత్రాన్ని పరీక్షకు పెట్టి, తృప్తిపడి స్వీకరించింది. మూడవ నెపోలియన్ చక్రవర్తి ఆయనకు లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదమిచ్చాడు. తరువాత ఇటలీ, రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఒక్కొక్కటే ఆ యంత్రాన్ని స్వీకరించాయి. ఉస్మానియా తుర్కీ సామ్రాజ్యం కూడా దానిని తెప్పించుకొని ఆయనకు మెజీదియే పతకమిచ్చి గౌరవించింది. ఐరోపా దేశాల మధ్య నడిచే తంతి తీగల మీద హ్యూస్ యంత్రం 20వ శతాబ్దంలోనూ పనిచేస్తూ ఉండింది. దానివలన వచ్చిన రాబడితో ఆయన ధనవంతుడైనాడు. పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలని మా మనవి. ఎందుకనగా ముందు చెప్పబోయే త్యాగం పేదవాని అమాయకత్వం కాదు, పేటెంటు విలువ తెలియనివాడు చేసినదీ కాదు. పేటెంటు ఏమి ఇవ్వగలదో పూర్తిగా అనుభవించినవాడు, రెండవసారి అక్కరలేదని చెయ్యి ముడుచుకొన్నాడు.

1877 నాటికి హ్యూస్ లండనులో స్థిరపడ్డాడు. అప్పటికి గ్రాహంబెల్ టెలిఫోను వచ్చి ఏడాది అయినది. అది వినడానికి మంచి సాధనమే గాని మాట్లాడడానికి చాలా బలహీనమైనది. మనిషి గొంతులోని శక్తియే అందులో విద్యుత్తుగా మారి తీగ వెంట పోవాలి. గొంతులో ఉన్న శక్తి ఎంత? తీగ పొడుగైనకొద్దీ మాట సన్నగిల్లి పోయేది. ఈ స్థితిలో హ్యూస్ గ్రేట్ పోర్ట్‌లాండ్ వీథిలో తన అద్దె గదులలో కూర్చుండి ఒక ప్రశ్న వేసుకొన్నాడు. తీగను లాగి పట్టినప్పుడు దాని విద్యున్నిరోధం మారుతుందని సర్ విలియం థామ్సన్ అంతకు ముందే చూపించి ఉన్నాడు. మరి ధ్వని తరంగం తాకినప్పుడు కూడా ఆ నిరోధం మారుతుందా?

ఒక తీగను బిగించి, బ్యాటరీకి, టెలిఫోనుకు కలిపి, చెవి ఒగ్గి విన్నాడు. ఎంత మాట్లాడినా, ఎంత పాడినా తీగ పలుకలేదు. మరింత లాగాడు. లాగగా లాగగా తీగ తెగింది. తెగిన క్షణంలో టెలిఫోనులో గర్రుమని ధ్వని వినబడింది. మరొకడైతే తీగ తెగిందని విసుగుకొని ప్రయోగం ఎత్తిపెట్టేవాడేమో. హ్యూస్ ఆ తెగిన కొసలను రెండింటినీ మెల్లగా ఒకదానిమీద ఒకటి ఆనించి, పైన కొంచెం బరువు పెట్టి, మళ్ళీ విన్నాడు. ఈసారి ధ్వని వచ్చింది. అనగా రహస్యం తీగలో లేదు, రెండు తీగలు వదులుగా తాకే చోట ఉన్నది. గట్టిగా అదిమితే ఏమీ రాదు. పూర్తిగా విడదీస్తే కరెంటే పారదు. ఆ రెండింటి నడుమ ఒక పలుచని స్థితిలో, గాలిలోని స్వల్పకంపనం సైతం స్పర్శను పెంచి తగ్గించి, కరెంటును ధ్వని పోలికలో ఊపుతుంది.

అటుపైన ఆయన చేసిన సాధనం శాస్త్రచరిత్రలోనే అతి చౌకైనది కావచ్చు. రెండు మేకులను బల్లమీద పక్కపక్కనే, ఒకదానికొకటి తగులకుండ పరిచాడు. ఒక్కొక్క మేకుకు ఒక్కొక్క తీగ కట్టాడు. మూడవ మేకును వాటిమీద అడ్డంగా ఊరక పెట్టాడు. అంతే. తీగలను బ్యాటరీతోను, టెలిఫోనుతోను కలిపితే ప్రక్కన పెట్టిన గడియారం టిక్కుటిక్కులు స్పష్టంగా వినవచ్చాయి. మేకుల తరువాత బొగ్గును పరీక్షించి అది మేలని తేల్చుకొన్నాడు. విల్లో కర్ర బొగ్గును ఎర్రగా కాల్చి పాదరసంలో ముంచి, విద్యుత్తు పారే గుణం పెంచేవాడు. చివరకు నిలిచిన రూపం ఇది: రెండు కొసలూ చెక్కిన చిన్న బొగ్గు కడ్డీ ఒకటి, దానికి పైన ఒకటి, క్రింద ఒకటి గుంటలు చేసిన బొగ్గు దిమ్మెలు, ఆ గుంటలలో కడ్డీ వదులుగా నిలిచి ఉంటుంది, మొత్తం ఒక పలుచని చెక్కకు అతికించి ఉంటుంది. ఆ చెక్కమీద ఈగ నడిస్తే దాని అడుగుల చప్పుడు టెలిఫోనులో వినబడేది. కంటికి సూక్ష్మదర్శిని ఎట్లాగో చెవికి ఇది అట్లా అని తలచి దానికి మైక్రోఫోను అని పేరు పెట్టాడు. ఆ మాటను అర్ధశతాబ్దం క్రితం 1827లో వీట్‌స్టన్ వేరొక సాధనానికి వాడి ఉన్నాడు గాని, అది నిలువలేదు. హ్యూస్ వాడినది నిలిచింది.

ఇందులోని కీలకాన్ని కొంచెం విడమరచి చెప్పాలి. చెరువు తూము తలుపు ఎత్తి దించేవాని బలం ఎంత? స్వల్పమే. కాలువలో పారే నీటి బలం వానిది కాదు, చెరువుది. వాడు ఎత్తినప్పుడు నీరు పెరుగుతుంది, దించినప్పుడు తగ్గుతుంది. హ్యూస్ మైక్రోఫోనులో మన గొంతు తూము కాపరి వంటిది. బ్యాటరీ చెరువు. గొంతు తన శక్తితో విద్యుత్తును పుట్టించనక్కరలేదు, పారుతున్న విద్యుత్తును అదుపు చేస్తే చాలు. కనుకనే లోపలికి పోయిన ధ్వనిశక్తి కంటె వెలుపలికి వచ్చే విద్యుచ్ఛక్తి ఎక్కువ. నేడు మనం ఆంప్లిఫయరు అనే దానిలో ఉన్న మూలసూత్రం ఇదే. అనగా ఆ మూడు మేకులు ఒకేసారి మైకూ అయినవి, ఆంప్లిఫయరూ అయినవి.

1878 మే నెలలో హ్యూస్ పరిశోధనను రాయల్ సొసైటీ ఎదుట ఉంచారు. సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త హక్స్‌లీ దానిని సభకు అందజేశాడు. హ్యూస్ పేటెంటు తీసుకోలేదు. పనిచేసే విధమంతా వివరంగా ప్రకటించి, ఎవరైనా చేసుకోవచ్చునని వదలివేశాడు. ఇట్టి వస్తువును కాపీ చేయడానికి ఎవరికి ఏమి అడ్డు? మేకులు ఎవరికి దొరకవు? కొద్దికాలంలోనే పత్రికలలో చేసే విధానాలు వెలువడ్డాయి, ఐరోపాలోను అమెరికాలోను ఉపాధ్యాయులు, యువకులు ఇండ్లలోనే మైక్రోఫోనులు కట్టుకొన్నారు. వారిలో కొందరు దానిని చాలా దూరం తీసుకొనిపోయారు. ఇంగ్లండులో హన్నింగ్స్ అనే పాద్రి 1878లోనే కడ్డీకి బదులు బొగ్గు పలుకులు పోసి మరింత బలమైన మైకు చేసి, దానికి పేటెంటు తీసుకొన్నాడు. హ్యూస్ తీసుకోనిది ఆయన తీసుకొన్నాడు. పారిస్‌లో అదేర్ అనే ఇంజనీరు పలు బొగ్గు కడ్డీలు వరుసగా కూర్చి, 1881 విద్యుత్ప్రదర్శనలో ఒపెరా నాటకశాల వేదిక అంచున మైకులు అమర్చాడు. దూరాన ప్రదర్శనశాలలో జనం రెండు చెవులకు రెండు టెలిఫోనులు పెట్టుకొని ఆ పాట విన్నారు. నేటి స్టీరియో శ్రవణానికి అది తొలి మెట్టని చెప్పుకొంటారు. బొగ్గు పలుకుల మైకు అయితే ఇంటింటి టెలిఫోనులో దాదాపు నూరేళ్ళు రాజ్యమేలింది. 1980 ప్రాంతం వరకు మన చేతిలో ఉన్న నల్ల టెలిఫోను గొట్టంలో ఉండినది అదే.

ఇప్పుడు వివాదం సంగతి. హ్యూస్ పరిశోధన వెలువడగానే అమెరికా నుండి ఎడిసన్ మండిపడ్డాడు. బొగ్గు బిళ్ళతో టెలిఫోను మైకు తాను 1877లోనే చేశానని, తన ప్రయోగశాలకు వచ్చి అన్నీ చూచి వెళ్ళిన బ్రిటిషు తంతి శాఖ ఇంజనీరు ప్రీస్ ద్వారా ఆ సంగతి హ్యూస్‌కు చేరిందని పత్రికలలో బహిరంగంగా ఆరోపించాడు. ఇది మామూలు మాట కాదు, దొంగతనపు నింద. సర్ విలియం థామ్సన్ వంటి పెద్దమనిషి కలుగజేసుకొని, ఆ నిందకు ఆధారం లేదని, ఎడిసన్ దానిని వెనుకకు తీసుకోవాలని వ్రాయవలసి వచ్చింది. సత్యం పరిశీలిస్తే ఇద్దరి దారులూ వేరు. ఎడిసన్ దీపపు మసిని బిళ్ళగా అదిమి, పొర ఒత్తిడికి అది ఎట్లా మారుతుందో చూచాడు. హ్యూస్ ఏ రెండు వాహకాలైనా వదులుగా తాకే చోట ఈ గుణం ఉన్నదన్న సాధారణ సూత్రాన్ని చూపించాడు. ఎమిల్ బెర్లినర్ అనే మరొకరు కూడా 1877లోనే వదులు స్పర్శ మీద పనిచేశాడు. జర్మనీలో రైస్ చేసిన 1861 నాటి టెలిఫోనులోనూ ఈ ఛాయలు ఉన్నాయి. 1892లో అమెరికా న్యాయస్థానం కర్బన మైక్రోఫోను ప్రాథమ్యాన్ని ఎడిసన్‌కే ఇచ్చింది. ఆ తీర్పు చట్టరీత్యా సరియైనదే కావచ్చు. అయితే న్యాయస్థానంలో నిలబడడానికి పేటెంటు కాగితం కావాలి. హ్యూస్ ఆ కాగితం వ్రాయించుకోలేదు, కనుక ఆయన పక్షాన కొట్లాడే కంపెనీ లేదు, జ్ఞాపకం ఉంచుకొనే వకీలు లేడు. ఆయన దానానికి చెల్లించిన మూల్యం ఇది. సామాన్య పాఠకుని స్మృతిలో నుండి ఆయన పేరు జారిపోవడానికి ఇదే ముఖ్యకారణమని మా అభిప్రాయం.

ఇక్కడ ప్రసంగవశాన ఒక మాట. ఈ రోజులలో పాశ్చాత్యదేశాలలోను, మన దేశంలోను కొందరు ఔత్సాహికులు పాతకాలపు మైక్రోఫోను ప్రీఆంప్లిఫయరులకు నకళ్ళు ఇంటిలోనే కట్టుకొంటున్నారు. ఈ ప్రీఆంప్లిఫయరు అవసరం ఎట్లా వచ్చిందో చూస్తే హ్యూస్ స్థానం తేటపడుతుంది. బొగ్గు మైకు బలంగా పలికేది గాని దానివెంట చిటచిటలు, బుసలు తప్పేవి కావు. దూరపు తీగలమీద మాటను మధ్యలో బలపరచడానికి టెలిఫోను గొట్టాన్నీ బొగ్గు మైకునూ ఒకదానికొకటి తగిలించి 1904 ప్రాంతంలో యంత్రాలు చేశారు. వాటిలోనూ ఆ చిటచిటలే. 1906లో ద ఫారెస్ట్ చేసిన వాల్వు కొన్నేళ్ళకు ఆంప్లిఫయరుగా కుదురుకొన్నది. 1916లో వెంటె అనే ఇంజనీరు కండెన్సరు మైకు చేశాడు. అది శుద్ధంగా పలుకుతుంది గాని అతి సన్నగా పలుకుతుంది. ఆ సన్నని పలుకును మొదటి మెట్టులోనే పెంచి ముందుకు పంపేది ప్రీఆంప్లిఫయరు. అనగా హ్యూస్ సాధనంలో ఒక్కటిగా ఉన్న రెండు పనులను లోకం విడదీసి రెండు యంత్రాలకు పంచింది. వాటిలో 1970లో ఇంగ్లండులో రూపర్ట్ నీవ్ రూపొందించిన 1073 అనే ప్రీఆంప్లిఫయరు మీద నకలుకారులకు మక్కువ ఎక్కువ. మొదట ఒకటి, చివర ఒకటి ట్రాన్స్‌ఫార్మరులు, నడుమ ట్రాన్సిస్టరులు గల ఆ యంత్రానికి పటం గీసుకొని, అట్టి ట్రాన్స్‌ఫార్మరులనే వెదకి తెప్పించి, ఒక్కొక్క భాగాన్ని టంకం వేసి కూర్చుకొంటారు. వారి ఓర్పు మెచ్చదగినది. కాని అసలు యంత్రంలోని ఫలానా భాగమే ఉండాలి, ఫలానా చుట్టే ఉండాలి అనే పట్టింపు వారిని బాధిస్తూ ఉంటుంది. మార్పు వస్తే స్వరం మారుతుందని భయం. హ్యూస్ సాధనానికి ఆ బాధ లేదు. ఇందులో ఏ వస్తువూ అనివార్యం కాదు, స్పర్శలోని వదులు ఒక్కటే అనివార్యం. మూలమూ నకలూ అనే భేదమే దానికి లేదు.

మా కళాశాల విద్యార్థులలో ఎవరైనా దీనిని చేసి చూడదలిస్తే ఖర్చు దాదాపు లేదు. పాతరకం టార్చి సెల్లు వాడి పారవేసినది విప్పితే నడుమ బొగ్గు కడ్డీ దొరుకుతుంది. రెండు ముక్కలకు గుంటలు తొలిచి, మూడవదానిని రెండు కొసలా చెక్కి వాటి మధ్య వదులుగా నిలపాలి. ఖాళీ చెక్కపెట్టె మూతకు ఆ రెండు ముక్కలనూ అతికించాలి. రెండు క్రొత్త సెల్లులను, పాత టెలిఫోనులోని వినికిడి గొట్టాన్ని వరుసగా కలపాలి. చేతిగడియారం పెట్టెమీద పెట్టి, గొట్టాన్ని చెవికి ఆనించుకోవాలి. మొదటిసారి బహుశా ఏమీ వినబడదు. కడ్డీ బిగిసి ఉంటే మౌనం, మరీ వదులైతే గరగర. ఆ రెంటి నడుమ చోటు చెవియే కనిపెట్టాలి. ఏ పుస్తకమూ చెప్పలేని పాఠమది.

హ్యూస్ 1879లో మరొక సాధనం చేశాడు. దానిని ప్రేరణ తులాదండం అనవచ్చు. రెండు జతల తీగచుట్టలను ఒకదాని ప్రభావం మరొకదాన్ని అణచేటట్లు సరితూచి పెడితే టెలిఫోను మౌనంగా ఉంటుంది. ఒక జతలో చిన్న నాణెం పెట్టినంతనే మౌనం చెడి ధ్వని వస్తుంది. రెండవ జతలో సరిగా అట్టి నాణెమే పెడితే తిరిగి మౌనం. నాణెం కల్తీదైతే మౌనం రాదు. చెవితో బంగారం నిగ్గు తేల్చే తక్కెడ అది. వినికిడి కొలిచే పరికరం కూడ దానిలో నుండే పుట్టింది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలో చిక్కిన తుపాకిగుండును వెదకడానికి గ్రాహంబెల్ ఉపయోగించినది ఈ జాతి సాధనమే. ఆ ప్రయత్నం ఫలించలేదు, అధ్యక్షుడు దక్కలేదు.

ఈ తులాదండంతో పనిచేస్తూ ఉండగానే హ్యూస్ రెండవ మహావిషయం మీద కాలు మోపాడు. తీగచుట్టలో ఎక్కడో ఒక అతుకు వదులైనది. ఆ అతుకు దగ్గర కరెంటు తెగి కలిసినప్పుడల్లా, దానితో ఏ తీగ సంబంధమూ లేని మైక్రోఫోను టెలిఫోనులో చప్పుడు చేస్తున్నది. గదిలో దూరంగా పెట్టినా చేస్తున్నది. వేరే గదిలో పెట్టినా చేస్తున్నది. గడియారపు యంత్రంతో కరెంటును తనంత తానే తెగి కలిసేటట్లు ఏర్పాటు చేసి, దానిని ఇంట్లో ఉంచి, టెలిఫోను చెవికి పెట్టుకొని, ఉక్కు, బొగ్గు వదులుగా తాకే చిన్న గ్రాహకం చేతబట్టి ఆయన వీథిలోకి నడిచాడు. గ్రేట్ పోర్ట్‌లాండ్ వీథిలో జనం ఏమనుకొన్నారో గాని, చెవికి డబ్బీ ఆనించుకొని అటూ ఇటూ పచారు చేసే ఆ పెద్దమనిషి నాడు లోకంలో మరెవ్వరూ విననిది వింటున్నాడు. సుమారు 500 గజాల దూరం వరకు ఆ సంకేతం ఆయనకు అందింది. అది తీగ లేని వార్త. గాలిలో విద్యుత్తరంగాలు పోతున్నాయని ఆయన అనుకొన్నాడు.

విద్యుదయస్కాంత తరంగాలు ఉండాలని జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ గణితం ద్వారా 1860 తరువాతి సంవత్సరాలలోనే నిరూపించి ఉన్నాడు. హ్యూస్ గణితజ్ఞుడు కాదు. తాను చూచినది మాక్స్‌వెల్ వ్రాసినదేనని పోల్చి చెప్పగల సాధన ఆయనకు లేదు. పోల్చి చెప్పగలిగిన మాక్స్‌వెల్ 1879 నవంబరులో, నలభై ఎనిమిదవ ఏట మరణించాడు. సరిగా ఆ చలికాలంలోనే హ్యూస్ వీథిలో తిరుగుతున్నాడు. ఇద్దరూ కలిసి మాట్లాడుకొని ఉంటే అన్న ఊహ చరిత్రకు పనికిరాదు గాని, మనసు దానిని మానలేదు.

1880 ఫిబ్రవరి 20న రాయల్ సొసైటీ అధ్యక్షుడు స్పాటిస్‌వుడ్, హక్స్‌లీ, ఆచార్య స్టోక్స్, ముగ్గురూ హ్యూస్ ఇంటికి వచ్చారు. ఆయన ప్రయోగాలన్నీ వరుసగా చూపించాడు. మొదట అందరూ ఆశ్చర్యపడ్డారు. మూడు గంటలు గడిచాయి. చివరకు స్టోక్స్ తల అడ్డంగా ఊపాడు. ఇదంతా అందరికీ తెలిసిన విద్యుదయస్కాంత ప్రేరణ వలన జరిగేదేనని, క్రొత్త తరంగాలను ఊహించవలసిన పని లేదని తేల్చివేశాడు. స్టోక్స్ సామాన్యుడు కాదు. కేంబ్రిడ్జిలో న్యూటన్ అధిష్ఠించిన ఆచార్యపీఠంలో కూర్చున్నవాడు. ఆయన ఎదుట, సూదులు, మేకులతో పనిచేసే సంగీతోపాధ్యాయుని చెవి సాక్ష్యం నిలువలేదు. హ్యూస్ ఎంతగానో నొచ్చుకొన్నాడు. మరింత బలమైన రుజువులు దొరికేదాకా ప్రకటించరాదని నిశ్చయించుకొని, ఆ పరిశోధనను గూర్చి ఒక్క పత్రమైనా వ్రాయలేదు. ఆ ఏడాదే ఆయన రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికైనాడు. గౌరవం దక్కింది, గదిలోని సత్యం మాత్రం గదిలోనే ఉండిపోయింది.

స్టోక్స్‌ను నిందించడం తేలిక. ప్రేరణ అన్నది నాటికి నిజంగానే తెలిసిన సంగతి. తెలిసినదానితో వివరించగలిగినప్పుడు తెలియనిదానిని తేరాదన్నది శాస్త్రమర్యాద. అయితే 500 గజాల దూరం ప్రేరణకు ఎక్కువ కాదా అని వారిలో ఒక్కరైనా వీథిలోకి వచ్చి నడిచి చూచి ఉండవలసింది. హ్యూస్ కూడ, మేకుల విషయంలో చూపిన ధైర్యంలో సగమైనా ఇక్కడ చూపి, చేసిన విధానం ఉన్నదున్నట్లు అచ్చువేయించి ఉంటే, ఏ దేశంలోనో ఏ యువకుడో దానిని మళ్ళీ కట్టి, సత్యం తేల్చి ఉండేవాడు. మైక్రోఫోనును వేలమంది చేతులలో పెట్టినవాడు దీనిని మాత్రం ముగ్గురి చేతులలో పెట్టి ఊరకున్నాడు. ఆయన జీవితంలో మాకు నచ్చని ఘట్టం ఇదొక్కటే.

1888 నాటికి జర్మనీలో హెర్ట్జ్ ఆ తరంగాలను కొలతలతో సహా నిరూపించాడు. 1890లో ఫ్రాన్సులో బ్రాన్లీ లోహపు రజను గొట్టంతో వాటిని పట్టుకొన్నాడు. అదీ వదులు స్పర్శ సూత్రమే. 1896లో మార్కోనీ పేటెంటు కోరాడు. హ్యూస్ నోరు మెదపలేదు. 1899లో తంతిలేని వార్తల చరిత్ర వ్రాస్తున్న ఫాహీ అనే రచయిత పట్టుబట్టి అడిగిన మీదట, ఇరవై ఏండ్ల నాటి సంగతి ఒక లేఖలో వ్రాసి ఇచ్చాడు. అందులో ఫిర్యాదు లేదు. హెర్ట్జ్ రుజువులు తనవాటికంటె ఎంతో బలమైనవని నిండు మనసుతో ఒప్పుకొన్నాడు. ఆయన విన్నది నిజంగా రేడియో తరంగాలనే అని నేటి శాస్త్రజ్ఞులు అంగీకరిస్తున్నారు.

తక్కిన జీవితం ప్రశాంతంగా గడిచింది. 1882లో అన్నా చాడ్‌బోర్న్ అనే అమెరికా చిత్రకారిణిని వివాహమాడాడు. 1885లో రాయల్ పతకం, ఆ తరువాత ఆల్బర్ట్ పతకం వచ్చాయి. నడుమ 1886లో తంతి, విద్యుత్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షత వహించాడు. ఎంత ధనమున్నా ఆడంబరం ఎరుగక నిరాడంబరంగా బ్రతికాడు. 1900 జనవరి 22న లండనులో కన్నుమూశాడు. హైగేట్ శ్మశానంలో ఆయన సమాధి ఉన్నది. నాలుగు లక్షల పౌండ్లకు పైబడిన ఆస్తిలో అధికభాగం లండనులోని నాలుగు ఆసుపత్రులకు వ్రాసి పెట్టాడు. రాయల్ సొసైటీకి ఇచ్చిన సొమ్ముతో 1902 నుండి హ్యూస్ పతకం ఇస్తున్నారు. తొలి పతకం ఎలక్ట్రాన్‌ను కనుగొన్న జె. జె. థామ్సన్‌ది. మన విశాఖపట్టణంలో బాల్యవిద్య నేర్చిన సర్ సి. వి. రామన్‌కు నోబెల్ బహుమానం వచ్చిన 1930వ సంవత్సరంలోనే ఈ పతకమూ లభించింది.

1922లో క్యాంబెల్ స్విన్‌టన్ అనే ఇంజనీరు హ్యూస్ వదలిపోయిన సామాను వెదకించాడు. నోటుపుస్తకాలు బ్రిటిష్ మ్యూజియానికి, పరికరాలు లండనులోని సైన్సు మ్యూజియానికి చేరాయి. ఆ పరికరాలలో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. చేతితో చుట్టిన తీగచుట్టలు, గాజు సీసాలు, లక్కతో అతికించిన చెక్కముక్కలు, బొగ్గు, ఉక్కు ముక్కలు – 1879 చలికాలంలో ఆయన చేతబట్టి వీథిలో నడిచిన సామానంతా అదే.